అంగడివాడు తిట్టిన తుపాకి

రాయచోటిలో ఇప్పుడు ఎవరిని అడిగినా అల్లాబకష్‌ను ‘తుపాకి సాయిబు’ అంటారు. బస్టాండు దగ్గర అతని బిరియానీ హోటల్లో కూర్చుంటే చాలు, ప్లేటు రాకముందే కథ వస్తుంది. కువైట్‌లో యుద్ధం వచ్చినప్పుడు ఇరాక్ సైనికుల మధ్య నిలబడి తుపాకి పేల్చాడట, తనను పనిలో పెట్టుకున్న కఫీల్ కొడుకును కాపాడాడట. అందులో అబద్ధమేమీ లేదు. సైనికులు ఉన్నారు, తుపాకి ఉంది, పేల్చాడు, కుర్రవాడు బతికాడు. కానీ అతను మీసం మెలేసి చెప్పే తీరు వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా పేరు నాగేశ్వర. అదే ఇంట్లో నేను డ్రైవరును. ఆ తుపాకి కొనడానికి కారు తోలిందీ నేనే, అది పేలినప్పుడు పక్కన నిలబడిందీ నేనే. అందుకని జరిగింది జరిగినట్టు నేను చెబుతాను.

ముందు మనిషిని చెప్పాలి. అల్లాబకష్ రాయచోటిలో పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. అతని దమ్ బిరియానీ తిన్నవాడు పెళ్ళికొడుకు పేరు మరిచిపోయినా వంటవాడి పేరు మరిచిపోడు. అంత చేయి, అంత ఒళ్ళు ఉన్న మనిషికి బల్లి అంటే చచ్చేంత భయం. గోడమీద బల్లి కనిపిస్తే నన్ను పిలిచి, నేను దాన్ని తరిమేదాకా స్టవ్ ఆపేసి బయట నిలబడేవాడు. ఇక కోతల సంగతి అడగొద్దు. ఉల్లిపాయలు కోసేటప్పుడు కూడా అతని నోరే ముందు కోసేది.

కువైట్‌లో రిగ్గై అనే పేటలో ఇల్లు. మా కఫీల్ అబూ జాసిం ఏదో ఆఫీసులో పెద్ద గుమాస్తా. పొట్టిగా, గుండ్రంగా, మంచి మనిషి. మేము బాబా అనేవాళ్ళం. ఆయన భార్యను మామా అనేవాళ్ళం. వాళ్ళకు ఒక్కడే కొడుకు, జాసిం. మేము చేరినప్పుడు వాడు పలక పట్టుకునే వయసు. వాళ్ళమ్మ పెట్టిన అన్నం పక్కకు నెట్టి, వంటింట్లో అల్లాబకష్ ముందు బాసింపట్టు వేసుకుని పప్పూ ఊరగాయా తినేవాడు. కారానికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకో ముద్ద అడిగేవాడు. అల్లాబకష్‌కు ఊళ్ళో పిల్లలున్నారు కానీ, వాళ్ళకు ముద్దలు కలిపిపెట్టే రాత లేదు. ఆ ముద్దలన్నీ వీడికే పోయాయి.

యుద్ధానికి ముందటి చలికాలంలో బాబాకు వేట పిచ్చి పట్టింది. సాయంత్రం దివానియా అనే కబుర్ల గదిలో మగవాళ్ళంతా చేరి ఖహ్వా కాఫీ తాగుతూ వేట కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అందులో పక్క వీధి అబూ సౌద్ మొనగాడు. ఆయన దగ్గర మంచి రైఫిల్ ఉంది, ఎడారిలో గుడారం ఉంది, చెప్పడానికి నోరు ఉంది. బాబా దగ్గర పేకముక్కలు తప్ప ఏమీ లేవు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఈయనా ఒక రైఫిల్ కొనాలనుకున్నాడు. కానీ ఏది కొనాలో అబూ సౌద్‌ను అడగడానికి నామోషీ. వంటింట్లోకి వచ్చి, మీలో ఎవరికైనా తుపాకుల గురించి తెలుసా అని అడిగాడు.

నాకు తెలియదని చెప్పి ఊరుకున్నాను. అల్లాబకష్ గరిటె పక్కన పెట్టి గడ్డం నిమురుకున్నాడు. తనకు తెలుసన్నాడు. మా రాయచోటి కొండల్లో చెవులపిల్లి పరిగెత్తుతుంటే, కుడి చెవికి కొట్టాలా ఎడమ చెవికి కొట్టాలా అని పక్కవాణ్ణి అడిగి మరీ కొట్టేవాణ్ణన్నాడు. బాబా ముఖం వెలిగిపోయింది.

ఆయన వెళ్ళాక నేను పట్టుకున్నాను. “ఏం బాయ్, నువ్వు తుపాకి ఎప్పుడు పట్టుకుంటివి?”

“పట్టుకోకుండా ఏమి? కడప ఉరుసులో ఏటేటా పట్టుకుంటాంటి.”

ఉరుసులో బుడగలు కాల్చే అంగడి ఉంటుంది. బోర్డు మీద రంగురంగుల బుడగలు, చేతికి ఒక గాలి తుపాకి. అదీ ఇతని వేట.

“ఎన్ని బుగ్గలు పగలగొడ్తివి?”

“అది వేరే కత లేప్పా” అని ఉల్లిపాయల మీద పడ్డాడు.

మిర్కాబ్‌లో వేట సామాన్ల అంగడికి ముగ్గురం వెళ్ళాం. అక్కడ పనిచేసే మునాఫ్ హైదరాబాదు కుర్రవాడు. మా మాటలు విని తెలుగులోకి దిగాడు. పాపం, ఎంత బాగా చెప్పాడో. మొదటిసారి కొనేవాళ్ళు పెద్ద తుపాకి జోలికి పోకూడదట. చిన్న తూటా వాడేది తీసుకుంటే భుజాన్ని తన్నదట. చెక్క చివర భుజాన ఆనించి కళ్ళు మూసుకుని పైకెత్తి, కళ్ళు తెరిచేసరికి గురి కళ్ళ ముందు ఉంటే అది మన కొలతకు సరిపోయినట్టట. బాబా అబూ సౌద్ పేరెత్తగానే, ఆయన ఇక్కడ కొన్నదీ ఇలాంటిదేనని ఒక రైఫిల్ తీసి బాబా చేతికిచ్చాడు. బాబాకు నచ్చింది. కథ అక్కడితో అయిపోవాల్సింది.

కానీ నిపుణుణ్ణి వెంట తెచ్చుకున్నాం కదా. అల్లాబకష్ ఆ రైఫిల్‌ను తీసుకుని, రాయచోటి సంతలో పొట్టేలును చూసినట్టు చూశాడు. వీపు నిమిరాడు. తొడ దగ్గర నొక్కాడు. నోట్లోకి తొంగి చూశాడు. రెండు చేతులతో ఎత్తి బరువు చూసి, పెదవి విరిచి పక్కన పెట్టాడు. ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ మునాఫ్ మెచ్చుకున్నవే, అన్నీ ఇతను వద్దన్నవే. అప్పుడు మూలన ఒకటి కనిపించింది. దాన్ని తీసి, గుండు పెట్టేటప్పుడు చేసేట్టు మధ్యకు విరిచాడు. ఉరుసులో బుడగల తుపాకి కూడా అచ్చం అలాగే విరుగుతుంది. చిన్నప్పటి చుట్టాన్ని చూసినట్టు ముఖమంతా నవ్వు.

“చిచ్చా, అది గాలితోని పేల్తది. పోరగాళ్ళు ఆడుకునేది. గది తీస్కోకు, పిట్ట గూడ చావది” అన్నాడు మునాఫ్.

అల్లాబకష్ నన్ను పక్కకు లాగాడు. “నాగేశా, వింటివా? యాదాన్ని తిడ్తాండాడో చూడు.”

“మంచికే చెప్తాండాడు గదా బాయ్.”

“ఓరి పిచ్చోడా, సంతలో దళారి ఏం జేస్తాడు? అమ్ముడుపోని ముసలి పొట్టేలును మెచ్చుకుంటాడు. మంచిదాన్ని తనోళ్ళకు దాపెట్టుకోని, మనం అడిగితే దానికి రోగమంటాడు. దళారి తిట్టిన పొట్టేలే మంచి పొట్టేలు. మా నాయన చెప్పిన మాటిది, ఎప్పుడన్నా తప్పిందా?”

పొట్టేళ్ళ విషయంలో తప్పలేదన్నది నిజమే. ఆ మాటే బాబాకు వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. అంగడివాడు దాచుకున్న తుపాకి అనేసరికి బాబా కళ్ళు పెద్దవయ్యాయి. మునాఫ్ తల పట్టుకున్నాడు. అతను ఎంత వద్దంటే బాబాకు అంత నమ్మకం పెరిగింది. ఇద్దరూ దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని కారెక్కారు.

ఆ శుక్రవారమే ఎడారిలో వేట. దివానియా జనమంతా వచ్చారు. ఒక కుందేలు పొద చాటునుంచి వచ్చి కూర్చుంది. అబూ సౌద్ మర్యాదగా, కొత్త తుపాకి కదా, నువ్వే కొట్టు అన్నాడు. బాబా కొట్టాడు. ఠప్‌మని చప్పుడు. గుండు ఎక్కడ పడిందో గానీ కుందేలు మా వైపు చూసి, కాలితో చెవి గోక్కుని, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఏ చెవో నేను చూశాను. కుడి చెవి.

బాబా కంగారుగా రెండోసారి తుపాకిని విరిచాడు. విరిచినదాన్ని మూయకుండానే మీట నొక్కాడు. గొట్టం ఎగిరి వచ్చి ఆయన బొటనవేలును నమిలేసింది. అప్పటినుంచి ఆ గొట్టం కొద్దిగా పైకి వంగిపోయి, ఆకాశం వైపు చూస్తూ ఉండేది. అబూ సౌద్ ఇసుకలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. చలికాలమంతా నవ్వుతూనే ఉన్నాడు. బాబా అల్లాబకష్‌ను పనిలోంచి తీసేయలేదు, ఆ బిరియానీని వదులుకునేంత కోపం ఎవరికీ రాదు. కానీ ‘సయ్యాద్’ అని పిలవడం మొదలుపెట్టాడు. అంటే వేటగాడు. సయ్యాద్, ఉప్పు తక్కువైంది. సయ్యాద్, వంటింట్లో బల్లి వచ్చింది, తుపాకి తేనా? ఇంటిల్లిపాదీ అదే పేరు. తుపాకి బియ్యం బస్తాల వెనక్కి చేరింది.

ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి కువైట్ కువైట్‌గా లేదు. వీధి చివర ట్యాంకులు, నెత్తిన విమానాలు. మనవాళ్ళు బస్సులు పట్టుకుని జోర్డాన్ దారిన పోతున్నారు. మేమూ పేర్లు రాయించుకుని వంతు కోసం చూస్తున్నాం. ఈలోగా సైనికులు ఇల్లిల్లూ వెతకడం మొదలుపెట్టారు. వాళ్ళకు కావలసింది ఆయుధాలు. ఏ ఇంట్లో తుపాకి దొరికితే ఆ ఇంట్లో మగవాణ్ణి, ముఖ్యంగా వయసు కుర్రవాణ్ణి తీసుకుపోతున్నారు. అబూ సౌద్ ఇంట్లో ఆ మంచి రైఫిల్ దొరికింది. ఆయన్ను జీపెక్కించారు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. నవ్విన మనిషే అయినా, ఆ కబురు విని మా ఇంట్లో ఆ పూట ఎవరూ అన్నం తినలేదు. జాసింకు అప్పుడు మీసాలు వస్తున్నాయి. మామా వాణ్ణి చూస్తూ, బియ్యం బస్తాల వెనక ఉన్నది గుర్తొచ్చి గుండె బాదుకుంది.

బయట పారేద్దామంటే వీధి వీధికీ కాపలా. పాతిపెడదామంటే పెరడంతా సిమెంటు. బియ్యం బస్తాలో దూరిస్తే చెక్క బయటికి పొడుచుకొచ్చింది. పిండి డ్రమ్ములో పెడితే తెల్లగా బయటికొచ్చింది, దాన్ని చూసి అల్లాబకష్ వేపుడుకు తయారైన చేపలా ఉందన్నాడు. బాబా అతని మీద చెప్పు విసిరాడు. అంతా నీవల్లే సయ్యాద్, దరిద్రపు తుపాకి, దరిద్రపు ఎంపిక అని నెత్తి కొట్టుకున్నాడు. చివరికి మన నిపుణుడికే ఉపాయం తట్టింది. ముందు గదిలో కిటికీ కర్టెన్‌కు కడ్డీ తీసేసి, దాని బదులు తుపాకిని దూర్చాడు. చెక్క ఉన్న వైపు మామా నల్ల స్కార్ఫ్ చుట్టాడు. దూరంగా నిలబడి చూసుకుని, “యా నాకొడుక్కీ కనపడదు” అన్నాడు.

మరునాడే వచ్చారు. ఒక ఆఫీసరు, వెంట నలుగురైదుగురు కుర్రాళ్ళు. చెమటతో, దుమ్ముతో, నిద్రలేని కళ్ళతో ఉన్నారు. పరుపులు తిరగేశారు, బస్తాలు పొడిచారు. ఏమీ దొరకలేదు. ఆఫీసరు వీధిలో తన బండి ఉందో లేదో చూద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెన్ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. తుపాకి వచ్చి ఆయన నెత్తిన పడింది. దాని మీద పూలపూల కర్టెన్ పడి, పెళ్ళికూతురు ముసుగు వేసుకున్నట్టు నిలబడిపోయాడు. మామూలు రోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. ఆ రోజు సైనికుల తుపాకులన్నీ మా మీదికి లేచాయి.

ఆఫీసరు ముసుగు తీసి, ఇది ఎవరిదని అడిగాడు. ఆఫీసరు చూపు జాసిం మీద ఆగింది. ఇద్దరు సైనికులు వాడి చొక్కా పట్టుకుని వాకిలి వైపు ఈడ్చారు. మామా కేక ఇంకా నా చెవుల్లో ఉంది.

వాళ్ళు గడప దాటలేకపోయారు. వాకిలి నిండా అల్లాబకష్ ఉన్నాడు. చేతిలో గరిటె, నడుముకు తువ్వాలు. కావాలని అడ్డం నిలబడ్డాడో, లోపలికి రాబోయి ఇరుక్కుపోయాడో నేను చెప్పలేను. కానీ మాట మాత్రం అతనే ఎత్తాడు. అతని అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. ఉప్పు, నూనె, ఎక్కువ, తక్కువ, మాడింది, ఖలాస్. దానికే చేతి సైగలు కలిపి చెప్పాడు. తుపాకి ఎంచింది తానేనని, పిల్లవాడు దాన్ని ముట్టుకోనైనా లేదని.

“అయితే నువ్వు వేటగాడివా?” అన్నాడు ఆఫీసరు.

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన జవాబు ఒకటే. ఇన్నేళ్ళ కోతలన్నీ వచ్చి ఆ వాకిట్లో నిలబడ్డాయి. అల్లాబకష్ బాబా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

“కాదు. వంటవాణ్ణి. జీవితంలో ఈగను కూడా కొట్టలేదు. ఇది మా ఊరి జాతరలో బుడగలు కాల్చే ఆట సామాను.”

ఆఫీసరు నమ్మలేదు. పెరట్లోకి నడవమని, చూపించమని అన్నాడు. బుడగలు లేవు. మామా ఖుబ్బూస్ రొట్టెల ప్లాస్టిక్ సంచులు దాచి ఉంచేది. అల్లాబకష్ వాటిని బుగ్గలు ఉబ్బించి ఊది, మూతులు కట్టి, బట్టలు ఆరేసే తీగకు వేలాడదీశాడు. గుండు పెట్టాడు. గురి చూశాడు. ఒక కన్ను మూయడం అతనికి చేతకాదు, మూస్తే రెండూ మూసుకుంటాయి. అలాగే రెండు కళ్ళూ మూసుకుని కొట్టాడు. గుండు ఎటో పోయింది. సంచులు చల్లగా ఊగుతున్నాయి.

ఆఫీసరు పిస్టల్ తీశాడు. “కావాలని తప్పుతున్నావు. ఈసారి సరిగ్గా కొట్టు. నాటకమాడితే కుర్రాడు నాతో వస్తాడు.”

ఇక్కడ మీరు అర్థం చేసుకోవాలి. సంచి పగిలితే అది నిజం తుపాకి అవుతుంది. పగలకపోతే నాటకమవుతుంది. అల్లాబకష్ ఇంత లోతుగా ఆలోచించలేదు, నిజంగా కొట్టమన్నారు కాబట్టి నిజంగా కొట్టడానికి సిద్ధపడ్డాడు. బిస్మిల్లా అన్నాడు.

“నాగేశా, ఇట్ల రాప్పా. నా ఎడమ కన్ను మూసి పట్టుకో.”

పట్టుకున్నాను. అంతమంది సైనికుల మధ్య, ఒక చేత్తో అతని కన్ను మూసి, రెండో చేత్తో నా గుండె పట్టుకుని నిలబడ్డాను. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి కొట్టాడు. గుండు తీగకు రెండు బారలు పైగా పోయి మిద్దె మీది పాత ప్లాస్టిక్ నీళ్ళ పైపుకు తగిలింది. పైపులోంచి సన్నటి ధార లేచి కింద నిలబడ్డ సైనికుడి నెత్తిన పడింది. ఆగస్టు ఎండలో వాడు పక్కకు కూడా జరగలేదు, ముఖం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. ఇంకొకడు కిసుక్కుమన్నాడు.

ఆఫీసరుకు పౌరుషం వచ్చింది. తుపాకి లాక్కుని తానే కొట్టాడు. తప్పింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పింది. కుర్రాళ్ళు పెదవులు కొరుక్కుంటున్నారు. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. నన్నడిగితే అన్నిటికన్నా భయమేసిన ఘడియ అదే. తన మనుషుల ముందు నవ్వులపాలైన వాడు ఏమైనా చేస్తాడు.

అప్పుడు అల్లాబకష్ మెల్లగా దగ్గరికి వెళ్ళాడు. తప్పు మీది కాదు అని గొట్టం మీద వేలు పెట్టి ఆ వంకర చూపించాడు. మా జాతరలో బుడగల అంగడివాళ్ళు కూడా గొట్టాన్ని ఇలాగే వంచి పెడతారని, లేకపోతే బుడగలన్నీ పగిలి వాళ్ళు దివాలా తీస్తారని చెప్పాడు. అంతటితో ఆగలేదు. నేను చిన్నప్పటినుంచీ కాలుస్తున్నాను, ఇంతవరకూ ఒక్క బుడగ పగలగొట్టలేదు అన్నాడు. ఊరినుంచి వచ్చి ఈయన ముందు పెద్ద వేటగాణ్ణని అబద్ధం చెప్పాను, అంగడివాడు తిట్టాడు కాబట్టి ఇదే మంచిదనుకుని కొనిపించాను అన్నాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ఆ ఏడుపులో ఒక్క చుక్క నాటకం లేదు.

ఆఫీసరు గొట్టాన్ని చూశాడు. బాబా ముందుకు చాచిన బొటనవేలి మీది మచ్చ చూశాడు. సంచులు చూశాడు. తర్వాత గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేకపోయాడు. కుర్రాళ్ళంతా వరుసకట్టి తలా ఒకసారి కొట్టారు. ఒక్క సంచి పగలలేదు. జాసింను ఎప్పుడు వదిలారో కూడా ఎవరూ గమనించలేదు. వాడు వచ్చి మామా పక్కన నిలబడ్డాడు. పోయేముందు అల్లాబకష్ వాళ్ళకు పప్పన్నం పెట్టాడు. తుపాకి తీసుకుపోతారా అంటే ఆఫీసరు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. దీన్ని పట్టుకెళ్తే క్యాంపులో తన పరువు పోతుందన్నాడు.

వాళ్ళు వెళ్ళాక బాబా మెట్ల మీద కూలబడ్డాడు. కొడుకు చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రోజు మిర్కాబ్‌లో ఆ మంచి రైఫిల్ కొని ఉంటే, అని మొదలుపెట్టి, సగంలోనే లేచి వెళ్ళి అల్లాబకష్ లావు శరీరాన్ని కావలించుకున్నాడు. చేతులు వెనక దాకా అందలేదు.

మా వంతు వచ్చాక బాబానే పాస్‌పోర్టులు చేతికిచ్చి బస్సెక్కించాడు. నేను యుద్ధం తర్వాత మళ్ళీ వెళ్ళాను. అల్లాబకష్ వెళ్ళలేదు, హోటల్ పెట్టుకున్నాడు.

మొన్న నేను ఆ హోటల్లోనే కూర్చుని ఉండగా ఫోను వచ్చింది. కువైట్ నంబరు. అల్లాబకష్ చేతులు పిండిలో ఉన్నాయని స్పీకర్ నేనే పెట్టాను. జాసిం. గొంతు ముదిరింది, అచ్చం బాబా గొంతు. “సయ్యాద్, నా కొడుకు పెద్దవాడయ్యాడు. వేటకు పోతానని, రైఫిల్ కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడు. అంగట్లోనే ఉన్నాను. చాలా రకాలు చూపిస్తున్నారు. ఏది కొనమంటావు?”

హోటల్లో జనమంతా తినడం ఆపి తుపాకి సాయిబు వైపు చూశారు. కోతలు కోయడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేను కూడా చెవులపిల్లి కథ కోసం సిద్ధపడ్డాను. అతను చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఫోను దగ్గరికి వంగాడు. పెద్దవాడైన ఆ పిల్లవాడితో అదే పాత వంటింటి అరబ్బీలో మాట్లాడాడు.

“అంగడివాణ్ణి అడుగు నాయనా, అన్నిటికన్నా పనికిరానిది ఏదని. అదే కొను.”